నల్ల మెట్ల మీద మోహనం

మా పాలకొల్లు వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్ళకి రాత్రిళ్ళు నిద్ర తక్కువ. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా చూసుకోవాలి, కరెంటు పోతే జనరేటర్ వేయాలి. ఆ మెలకువలో ఫోన్‌లో సినిమా పాటలు వినీ వినీ విసుగొచ్చి, శాస్త్రీయ సంగీతం విందామనుకున్నాను. ఇంట్లో పాడేవాళ్ళు లేరు, నేను నేర్చుకున్నదీ లేదు. ఏదో పేరున్న కచేరీ పెట్టుకుంటే పావుగంటకల్లా మనసు మేత లెక్కల్లోకి పోయేది.

మా వీధిలో పిల్లలకి పాఠం చెప్పే సంగీతం మేష్టారిని అడిగాను. "కచేరీ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ఒక్క రాగం పట్టుకోండి, మోహనం. అదీ ముందు వాద్యం మీద వినండి" అన్నారు.

"వాద్యం ఎందుకండీ?"

"త్యాగరాజస్వామి తెలుగులో రాయడం మన అదృష్టమేగానీ, మాట వినపడగానే మనం అర్థం వెంట పడిపోతాం. స్వరం చెవికెక్కదు. మాటే లేదనుకోండి, స్వరం వినక చస్తామా?"

తర్వాత చాలామంది చాలా చెప్పారు గానీ ఇంత పనికొచ్చిన సలహా ఇంకోటి లేదు.

వాద్యకారుల కోసం మేం దూరం వెళ్ళనక్కర్లేదు. మాండలిన్ శ్రీనివాస్ పుట్టింది పాలకొల్లులోనే, 1969లో. వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రిగారిది ద్రాక్షారామం, ఆయన శిష్యుడు చిట్టిబాబుగారిది కాకినాడ. మన వైపు వాళ్ళన్న అభిమానంతోనే మొదలుపెట్టాననుకోండి, తప్పేముంది?

మోహనంలో స్వరాలు ఐదే: స రి గ ప ధ. మ, ని ఉండవు. మేష్టారు మా అమ్మాయి కీబోర్డు తెప్పించి చూపించారు. నల్ల మెట్లు మూడు ఒకచోట ఉంటాయి కదా, వాటిలో మొదటిది స అనుకుని వరసగా నల్లవన్నీ నొక్కుకుంటూ పోతే మోహనమే. ఆ పూటంతా నొక్కుతూనే ఉన్నాను. తర్వాత ఆయన ధ వదిలేసి, పై స కి ఆనుకుని ఎడమ పక్కనున్న తెల్ల మెట్టు నొక్కించారు. అది ని. అంతే, రాగం హంసధ్వని అయిపోయింది! మారింది ఒక్క స్వరమే, రంగు మాత్రం పూర్తిగా వేరు. మొదట్లో ఏది ఏదో చెప్పలేకపోయేవాణ్ణి. రోజూ ఒకదాని వెంట ఒకటి వింటుంటే ఒకనాటికి చెవే చెప్పేసింది. కచేరీల్లో తరచూ మొదట్లో వచ్చే 'వాతాపి గణపతిం' హంసధ్వనే అని ఎవరూ చెప్పకుండా పట్టుకున్నప్పుడు, పంట మంచి రేటుకి పోయినంత సంబరం వేసింది.

ఆ తర్వాతే గాత్రం. మేష్టారి నియమం ఏంటంటే, పాట మార్చకూడదు, పాడేవాళ్ళని మార్చాలి. త్యాగరాజు మోహనంలో చేసిన 'నను పాలింప' కీర్తననే పట్టుకుని తిరిగాను. అన్న లైనే మళ్ళీ మళ్ళీ ఎందుకు పాడతారని అంతకుముందు చిరాకుపడేవాణ్ణి. అవి సంగతులట. ప్రతిసారీ లైను ఎక్కడో కాస్త పెరుగుతుంది, వంపు తిరుగుతుంది. ఎక్కడ మారిందా అని చూస్తూ వింటే విసుగన్న మాటే ఉండదు. కోనసీమలో శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారి పాటల్లో మాట స్పష్టంగా ఉంటుంది. కొత్తవాళ్ళకి నేనైతే ఆయన్నే చెబుతాను.

తాళం సంగతి అంత కష్టం కాదు. ఆదితాళం అంటే చేత్తో వేసే ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు, ఆపైన దెబ్బ, అరచెయ్యి తిప్పు, దెబ్బ, తిప్పు. మోటార్‌సైకిల్ మీద వెళ్ళేటప్పుడు మాత్రం వద్దు.

ఇవన్నీ కాస్త చేతికొచ్చాకే ఎదురుగా కూర్చుని వినడానికి వెళ్ళాను. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, అంటే సాధారణంగా జనవరిలో. టిక్కెట్టు, గిక్కెట్టు ఏమీ లేదు. త్యాగరాజు పంచరత్నాలు, అంటే ఐదు రాగాల్లో ఐదు కీర్తనలు, అందరూ కలిసి పాడారు: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. అందులో నాకు తెలిసిన రాగం ఒక్కటీ లేకపోయినా వేళ్ళు లెక్కపెడుతూనే ఉన్నాయి, ఎందుకంటే ఐదూ ఆదితాళమే. సాయంత్రం కచేరీలో మృదంగం వాళ్ళ తని, అంటే పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం, మొదలవగానే సగం మంది కాఫీకి లేచారు. నాకైతే అదే అన్నిటికంటే సులువుగా అందింది. రాగం తెలియక్కర్లేదు, లెక్క తప్పకుండా వేసుకుంటూ, వాయించేవాళ్ళు ఎటెటో తిరిగి మళ్ళీ మొదటి దెబ్బకి ఎలా వచ్చి చేరతారో చూస్తే చాలు.

ఇప్పుడు శంకరాభరణం, కల్యాణి రాగాల మీద ఉన్నాను. రెంటికీ తేడా మ ఒక్కటే, కీబోర్డు మీద పక్కపక్క మెట్లే. గాయకుడు ఆలాపన ఎత్తుకుంటే మాత్రం ఆ మ ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చోవాల్సి వస్తోంది. తోడి రాగం గురించి అడిగితే మేష్టారు "వచ్చే ఏడాది చూద్దాం లెండి" అన్నారు.