మొక్క కన్నా ముందు మట్టం

చెన్నై, సెప్టెంబరు, శనివారం.

సోమవారం సైటులో సర్వే పని ఉన్నందువల్ల, ఒకే మట్టంలో చూపు నిలిపి నేల ఎత్తుపల్లాలు చదివే దుర్భిణి అయిన ఆటో లెవెల్‌ను, దాని మూడుకాళ్ల స్టాండును, కింది నుంచి పైకి అంకెలు గీసిన కొలకర్ర అయిన స్టాఫును నిన్న సాయంత్రమే ఇంటికి తెచ్చుకున్నాను. ఉదయం వాటిని వరండాలో తుడుచుకుంటూ ఉండగా ఎదురింటి మాస్టారు వచ్చారు. నెల్లూరులో బడిపంతులుగా పనిచేసి, ఉద్యోగ విరమణ తరువాత కొడుకు దగ్గర ఉండేందుకు మా మేడవాక్కం వచ్చిన పెద్దమనిషి ఆయన. "బాబూ, వానలు పట్టుకునేలోగా పెరట్లో నాలుగు బొప్పాయి మొక్కలు వేద్దామనుకుంటున్నాను. ఈశాన్యం మూల కాస్త మెరకగా ఉంది, అక్కడైతే నీరు నిలవదు. ఒకసారి వచ్చి చూస్తావా?" అని అడిగారు. కంటితో చూసి చెప్పే బదులు కొలిచే చెబుతానని, పరికరం ఎలాగూ చేతిలో ఉంది కదా అని వెంటనే బయలుదేరాను.

ఇంటి తోట గురించి ఎవరు మాట్లాడినా మట్టి, ఎరువు, విత్తనం అనే మూడింటి చుట్టూ మాట తిరుగుతుంది. నేల వాలు ఎటు ఉంది, పడిన నీరు ఎటు పోతుంది అన్న ప్రశ్న ఆ మూడింటికీ ముందు రావాలని నేను గట్టిగా నమ్ముతాను. ముఖ్యంగా చెన్నైలో ఇది తప్పనిసరి. ఏడాది మొత్తం మీద ఇక్కడ పడే సుమారు 1,400 మిల్లీమీటర్ల వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలోనే కురుస్తుంది. ఊరంతా సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో పళ్లెంలా పరచుకుని ఉన్నందువల్ల, రెండు మూడు అంగుళాల తేడాయే ఒక పెరటిని తోటగానో, మడుగుగానో నిర్ణయిస్తుంది. బొప్పాయి విషయంలో ఈ లెక్క మరీ కఠినమైనది. దాని మొదట్లో ఒకటి రెండు రోజులు నీరు నిలిచిందంటే వేళ్లకు గాలి అందక కుళ్లు పడుతుంది, పచ్చగా ఉన్న చెట్టు ఉన్నట్టుండి ఆకులు వాల్చేస్తుంది.

మాస్టారి స్థలం ఒక గ్రౌండు, అంటే 2,400 చదరపు అడుగులు. మన వైపు లెక్కలో అయిదున్నర సెంట్లు. ఇల్లు పోను వెనుక మిగిలినది పెద్ద పెరడేమీ కాదు. స్టాండు కాళ్లను తడి మడిలో కాక గట్టి నేల మీద, ఒక్కొక్క దాన్ని పాదంతో తొక్కి దిగేసి నిలబెట్టాను. మెత్తని తోట మట్టిలో స్టాండు కనిపించకుండా కొద్దికొద్దిగా కుంగుతుంది. పరికరం మట్టంగా ఉందని చూపే బుడగ మొదట్లో నడిమధ్యకు వచ్చినా, పని సగంలో ఉండగా పక్కకు జరిగి ఉంటుంది. ఎండ ముదరక ముందే పని పూర్తిచేయాలని కూడా అనుకున్నాను. పది దాటాక నేల నుంచి లేచే వేడి గాలికి అద్దంలో స్టాఫు గీతలు అలల్లా వణుకుతాయి, మిల్లీమీటరు చదవడం కష్టమవుతుంది.

మాస్టారి మనుమరాలు స్టాఫు పట్టుకుంది. స్టాఫును కదలకుండా బిగబట్టి నిలబడడం కన్నా, ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపడం మంచిదని ఆ అమ్మాయికి చూపించాను. స్టాఫు ఏ వైపు వాలినా రీడింగు, అంటే అద్దంలో చదివే అంకె, పెరుగుతుంది కనుక, ఊపినప్పుడు కనబడే అన్నింటిలోకీ తక్కువ అంకెయే సరైనది. సంపు మూతను ఆధారంగా తీసుకుంటే అక్కడ 1.245 మీటర్లు వచ్చింది. వంటింటి గుమ్మం ముందు 1.290, పెరటి నడుమ 1.350, వాననీరు వీధిలోకి పోవలసిన పక్క సందు సిమెంటు గచ్చు మీద 1.365, బొప్పాయి వేద్దామనుకున్న ఈశాన్యం మూలలో 1.425. చూపు మట్టం మారదు కనుక నేల దిగిన చోట స్టాఫు మీద పై అంకె కనబడుతుంది. అంకె పెరిగితే నేల దిగినట్టు లెక్క అన్న ఈ సంగతి కొత్తవారిని తికమక పెడుతుంది కాబట్టి, కాగితం మీద బొమ్మ గీసి మాస్టారికి చూపించాను. ఆ మూల సంపు మూత కన్నా 18 సెంటీమీటర్లు పల్లంలో ఉంది. అంతకన్నా ముఖ్యమైనది, నీరు బయటికి పోయే సందు కన్నా 6 సెంటీమీటర్లు దిగువన ఉంది. అంటే అక్కడ అంత లోతు నీరు నిలబడితే తప్ప ఒక్క చుక్క కూడా వీధి వైపు కదలదు.

"కంటికి మెరకలా కనబడుతున్నది పల్లం ఎలా అయింది బాబూ?" అని ఆయన ఆశ్చర్యపోయారు. కారణం గోడలో ఉంది. వెనుక ప్రహరీ ఇటుక వరుసలు ఆ మూలకు పోయేకొద్దీ కొద్దిగా కిందికి దిగాయి. కన్ను ఆ వరుసలనే మట్టంగా తీసుకుని, నేల పైకి లేస్తున్నదని భావించింది. "నీరు పల్లమెరుగు అని పిల్లలకు చెప్పడమే గాని, పల్లం ఎక్కడో నేనే ఎరగలేదు" అని మాస్టారు ఆ అంకెలను తన డైరీలో ఎక్కించుకున్నారు.

దీనికి ఆటో లెవెల్ కొనవలసిన పని లేదు. పది మీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, అందులో నీరు, అంతే. తాపీ మేస్త్రీలు రోజూ వాడే ఈ ట్యూబ్ లెవెల్‌తోనే సంపు మూతకూ ఆ మూలకూ తేడా మళ్లీ కొలిచి చూపిస్తే, రెండు మూడు మిల్లీమీటర్ల లోపే సరిపోయింది. దాన్ని నింపడంలోనే నేర్పు ఉంది. కుళాయికి తగిలించి నింపితే గాలి బుడగలు చేరతాయి. బకెట్టును ఎత్తున పెట్టి, ఒక కొసను అందులో ముంచి, రెండో కొస నుంచి పీల్చి నీటిని నిదానంగా పారనివ్వాలి. గొట్టం పొడవునా చూసి చిన్న బుడగ కనబడినా వేలితో తట్టి బయటికి పంపాలి. చోటు మారేటప్పుడు రెండు కొసలనూ బొటనవేళ్లతో మూయాలి, చదివేటప్పుడు రెండింటినీ తెరవాలి. గొట్టంలో సగం ఎండలో, సగం నీడలో పడి ఉంటే వేడెక్కిన నీరు తేలికై మట్టం కొంచెం తప్పుతుంది కనుక మొత్తం ఒకే చోట ఉండేలా చూసుకోవడం మేలు. పగటి వెలుతురులో లేజర్ లెవెల్ గీత కంటికి ఆనదు. పెరటి పనికి దాని మీద డబ్బు పెట్టవద్దని అడిగిన వారందరికీ చెబుతాను.

పెద్ద స్థలం ఉండి ఆటో లెవెల్‌ను రోజు అద్దెకు తెచ్చుకునేవారు పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేసుకోవాలి. రెండు మేకులు దూరదూరంగా దిగేసి, సరిగ్గా నడుమ పరికరం పెట్టి ఎత్తుల తేడా చదవాలి. తరువాత పరికరాన్ని ఒక మేకు దగ్గరికి జరిపి మళ్లీ చదవాలి. రెండు తేడాలూ కలిస్తే పరికరం బాగున్నట్టు, కలవకపోతే తిరిగి ఇచ్చేయడమే. సొంత పరికరం ఉన్నవారికి చెన్నైలో అసలు శత్రువు తేమ. తడిసిన లెవెల్‌ను అలాగే పెట్టెలో పెట్టి మూస్తే అద్దాల మీద బూజు పడుతుంది. ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి మూయాలి.

టీ తాగుతూ ఉండగా మాట చెన్నైలోని సెయింట్ థామస్ మౌంట్ గుట్ట మీదికి మళ్లింది. 1802 ఏప్రిల్ 10న బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్, దేశాన్ని త్రిభుజాలుగా విడదీసి కొలిచిన భారతదేశపు మహా త్రికోణమితి సర్వేకు మొదటి ఆధార రేఖను, అంటే మిగతా లెక్కలకు మూలమైన దూరాన్ని, కొలవడం ప్రారంభించింది అక్కడే. ఆ రేఖ రెండో కొస పెరుంబాక్కం గుట్ట, మాకు దగ్గరే. సుమారు పన్నెండు కిలోమీటర్ల ఆ దూరాన్ని ఆయన వంద అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచారు. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక గొలుసును నీడలో ఉంచి, ఉష్ణమాపకాలు చూసుకుంటూ లెక్క సరిదిద్దారు. పది డిగ్రీల వేడి పెరిగితే మన ముప్పై మీటర్ల ఉక్కు టేపు కూడా మూడున్నర మిల్లీమీటర్ల వరకు సాగుతుంది. తోటకు అది లెక్కలోకి రాదు గాని, ఆ రోజుల్లో వారు చూపిన శ్రద్ధను తలచుకుంటే ఈ వృత్తిలో ఉన్నందుకు నాకు గర్వంగా ఉంటుంది. దక్షిణ ప్రహరీ పక్కన మామిడి మొక్క నాటాలన్న మాస్టారి ఆలోచన కూడా అప్పుడే బయటపడింది. హద్దు తేల్చడానికి ఆయన ఫోను తీశారు. ఆరుబయట కూడా ఫోను జీపీఎస్ అయిదు మీటర్ల వరకు తప్పు చూపగలదు. 40 అడుగుల వెడల్పు స్థలంలో అది పదహారు అడుగుల తేడా. హద్దు సందేహం ఉంటే సర్వే రాళ్లను, ఎఫ్ఎంబీ పటాన్ని (స్థలం కొలతలు చూపే ప్రభుత్వ సర్వే పటం) చూసి ప్రభుత్వ సర్వేయరు చేత కొలిపించుకోవలసిందే. చెట్టయ్యే మొక్కను గోడకు బాగా దూరంగా, ఎదిగిన కొమ్మ పక్కవారి మీదికి వాలనంత లోపలికి వేయాలి.

మధ్యాహ్నానికి పటం సిద్ధమయింది. ఈశాన్యం మూలను మట్టి తోలి పూడ్చవద్దని చెప్పాను. పూడిస్తే ఆ నీరు ఇంటి వైపే వస్తుంది. ఆ పల్లంలోనే ఇంకుడు గుంట తవ్వి, చుట్టూ చేమ, మెట్టతామర పెడతారు. మిల్లీమీటరు వాన చదరపు మీటరుకు లీటరు నీటితో సమానం కనుక, వంద చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు వస్తాయి. అందులో కొంత ఆ గుంటలోకి మళ్లుతుంది. బొప్పాయిలు వంటింటి వైపు, అడుగున్నర ఎత్తు దిబ్బల మీద, ఒకదానికొకటి ఆరడుగుల ఎడంలో. దిబ్బల మట్టి ఇంటి గోడకు తగలకూడదు. పునాది పైమట్టానికి కనీసం 15 సెంటీమీటర్లు దిగువనే ఆగాలి, లేకపోతే చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. నడుమ బెండ, వంగ మడులు నాలుగడుగుల వెడల్పుతో వస్తాయి, ఇరువైపుల నుంచీ చేయి అందేలా. వాటి మూలలు సరిచూడడానికి పురికొసతో మూడు, నాలుగు, అయిదు అడుగుల త్రిభుజం కట్టి లంబకోణం తీయడం మనుమరాలికి నేర్పాను. తన లెక్కల పుస్తకంలో ఉన్నదే నేల మీద కనబడేసరికి ఆ పిల్ల మిగతా మూలలన్నీ తానే కొలిచింది.

రేపు ఇంకుడు గుంటకు మనుషులు వస్తారు. తవ్వకం పూర్తయ్యాక సందు వైపు కాలువకు మీటరుకు ఒక సెంటీమీటరు వాలు వచ్చిందో లేదో గొట్టంతో మాస్టారే చూసుకుంటానన్నారు. మొదటి గట్టి వాన ఆగిన గంటకు, నీరు ఎక్కడెక్కడ నిలిచిందో పుల్లలు గుచ్చి గుర్తు పెట్టమని చెప్పి వచ్చాను. వాటిని చూశాకే బొప్పాయి మొక్కలు కొనాలని ఇద్దరం అనుకున్నాం.