నిలబడితే వేడి

బావగారు కారు థర్మోస్టాట్ తీయించేశారట. అదే, ఇంజన్ వేడిని బట్టి నీళ్ళను రేడియేటర్‌లోకి వదిలే చిన్న కవాటం. పడుకుందామనుకున్నా గానీ ఆ మాట మింగుడుపడట్లేదు.

బావగారి కారు వేడెక్కే సంగతి మీకు కొత్త కాదు, మొదట్నించీ చెప్పను. గుంటూరు నుంచి కాజ టోల్ మీదుగా విజయవాడ వారధి దాకా వేడి చూపే సూది నడిమధ్యన కదలదు. బెంజి సర్కిల్ వైపు ట్రాఫిక్‌లో ఇరుక్కోగానే లేస్తుంది. బండి సాగితే మళ్ళీ దిగుతుంది. రోగం తనంతట తనే ఇంత విడమరిచి చెబుతుంటే, ఏ పాపం ఎరగని ముక్కను పీకి చేతిలో పెట్టి "ఇంక హీటవ్వదు సార్, భయం లేదు" అన్నాడట ఆ షెడ్డు మనిషి. బావగారు ఆ ముక్కను ఇంటికి కూడా పట్టుకొచ్చారు. "చూడు, ఇదేనంట అడ్డం పడింది!" అని ఫోన్లో ఒకటే సంబరం.

ఏం అడ్డం పడింది? థర్మోస్టాట్ నిజంగా మూసుకుపోయి ఉంటే బండి హైవే మీద ముందు ఉడికేది. ఇంజన్ ఎక్కువ వేడి పుట్టించేది అక్కడే కదా. రోడ్డు మీద బాగుండి సిగ్నల్ దగ్గర వేడెక్కితే మొదటి అనుమానం గాలి మీద. అరవై డెబ్భైలో పోతున్నప్పుడు గాలి తనే నీళ్ళను చల్లార్చే రేడియేటర్లోంచి దూసుకుపోతుంది, ఫ్యాన్‌తో పెద్దగా పనుండదు. ఆగితే ఆ గాలంతా ఫ్యానే లాగాలి. తిరగేసి చెప్పాలంటే, సిగ్నల్ దగ్గర బాగుండి హైవే మీద వేడెక్కితే అప్పుడు నీళ్ళ వైపు చూడాలి: లోపల పూడిన రేడియేటర్, అరిగిన వాటర్ పంప్, లాగుడుకి నొక్కుకుపోయే కింది హోస్ పైపు, సగమే తెరుచుకునే థర్మోస్టాట్. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం ఖర్చు తప్పుతుంది.

థర్మోస్టాట్ చేసే పని కూడా తక్కువదేం కాదు. లోపల మైనం ఉంటుంది. చాలా బండ్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య అది కరిగి ఉబ్బి దారి తెరవడం మొదలుపెడుతుంది, ఇంకో పది డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుస్తుంది. అది లేకపోతే హైవే మీద ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. ఇంకా చల్లగానే ఉందనుకుని బండిలోని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడుతుంది, కాలని పెట్రోలు ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ఇంకా ఘోరం ఏంటంటే, కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ కింద ఇంకో చిన్న బిళ్ళ ఉంటుంది. పై దారి తెరిచేటప్పుడు బైపాస్ దారిని మూసేది అదే. మొత్తం పీకేస్తే నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండా ఇంజన్లోనే చక్కర్లు కొడుతుంది. చల్లబడుతుందని తీస్తే ఇంకా వేడెక్కుతుందన్నమాట.

పోనీ ఫ్యాన్ చూశాడా అంటే, "తిరుగుతోంది అన్నాడు" అంటారు బావగారు. తిరగడం వేరు, ఎప్పుడు తిరుగుతోంది, ఎంత జోరుగా, ఎటువైపు అన్నది వేరు.

దీనికి పెద్ద పనిముట్లేం అక్కర్లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఏసీ వేయాలి. కాసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. ఏసీకి తిరిగి, ఏసీ ఆపి వదిలేస్తే వేడికి తిరగకపోతే, మోటారు బాగానే ఉన్నట్టు. అనుమానం వేడి కొలిచే సెన్సర్ మీదో దాని వైరు మీదో. సాధారణంగా ఫ్యాన్ 95 నుంచి 100 డిగ్రీల మధ్య మొదలై, వేడి కాస్త దిగాక ఆగాలి. బండిని బట్టి మారుతుంది. చాలా బండ్లలో సెన్సర్ కప్లర్, అంటే వైర్ల జాయింటు, ఊడదీస్తే కంప్యూటర్ భయపడి ఫ్యాన్‌ను ఫుల్లుగా తిప్పేస్తుంది, అదీ ఒక పరీక్షే. రెంటికీ తిరగకపోతే ఫ్యూజు, తర్వాత రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్చు. హారన్ రిలే అదే నంబరుదైతే రెండూ మార్చి పెట్టి చూస్తే నిమిషంలో తేలుతుంది. అదీ కాదంటే కప్లర్ విప్పి మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా పన్నెండు వోల్టులు ఇవ్వాలి. వేళ్ళు మాత్రం రెక్కలకి దూరంగా. ఇంజన్ ఆపేశాక కూడా తిరిగే ఫ్యాన్లున్నాయి.

స్క్రూడ్రైవర్ పిడితో మోటారు వెనక తట్టగానే తిరిగిందనుకోండి, లోపల కార్బన్ బ్రష్షులు అరిగాయి. ఈ రకం మోటారు షెడ్డులో బుద్ధిగా తిరిగి, మిట్టమధ్యాహ్నం రామవరప్పాడు రింగులో మొరాయిస్తుంది. రెండు స్పీడుల ఫ్యాన్లలో కొన్నింటికి తక్కువ స్పీడు, కరెంటు తగ్గించే రెసిస్టర్ గుండా వస్తుంది. అది కాలిపోతే ఫ్యాన్ నిదానంగా తిరగడం మానేసి, సూది బాగా పైకెళ్ళాక ఒక్కసారిగా బొయ్యిమని లేస్తుంది. అందరూ "తిరుగుతోందిగా" అంటారు, ఎప్పుడు లేచిందో ఎవరూ చూడరు.

ఎటు తిరుగుతోందన్నది ఇంకా సరదా. మోటారు మార్చినప్పుడు రెండు వైర్లు తారుమారు చేసి కలిపితే ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది. హైవే మీద పట్టుబడదు. రేడియేటర్ వెనకుండి గాలి లాగే ఫ్యానైతే, ఏసీ వేసి ముందు జాలీ దగ్గర ఓ కాగితం పెట్టండి. అతుక్కోవాలి. ఎగిరిపోతే ఉల్టా. చుట్టూ ఉండే ప్లాస్టిక్ డొప్ప కూడా చూడాలి. పని చేసేటప్పుడు అడ్డమొస్తోందని తీసి, పగిలిందని మళ్ళీ పెట్టరు. అది లేకపోతే ఫ్యాన్ ముందునుంచి గాలి లాగడం మానేసి, పక్కల్లోంచి ఇంజన్ వేడిగాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటుంది.

ఇవన్నీ బాగుంటే టార్చి వేసి ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందు చూడండి. గుంటూరు చుట్టుపక్కల తిరిగే బండ్లలో పత్తి పీచు, మిర్చి యార్డు దుమ్ము, వరి పొట్టు కలిసి అక్కడ దుప్పటిలా పరుచుకుంటాయి. ముందు నుంచి చూస్తే జాలీ తళతళలాడుతూ ఉంటుంది. వాటర్ సర్వీసింగ్‌లో ముందు నుంచి ప్రెషర్ కొడితే ఆ మురికి ఇంకా లోపలికి దిగుతుంది, పైగా రెక్కలు వంగిపోతాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్ళతో, నెమ్మదిగా కడగాలి.

రేడియేటర్ అంటే ఆటోనగర్ గుర్తొస్తుంది నాకు. ఇత్తడి, రాగి రేడియేటర్ల రోజులు. లారీది దించి బల్ల మీద పెట్టి, మంటతో టంకం కరిగించి పై ట్యాంకు ఊడదీసేవాళ్ళు. లోపల గొట్టాల మూతులు వరసగా కనపడేవి, సగానికి సగం తెల్లటి సున్నపు పెచ్చుతో మూసుకుపోయి. సన్నటి ఇనప బద్ద ఒక్కో గొట్టంలో పైనుంచి కిందికి దూర్చి గీకేవాళ్ళు. ఒక్కటి కూడా వదిలేవాళ్ళు కాదు. కారిన గొట్టానికి రెండు కొసలా టంకం పోసి మూసేసి, "ఇన్నిట్లో ఒకటి పోతే ఏం కాదులే" అనేవాళ్ళు. ట్యాంకు మళ్ళీ అతికి, మూతులు బిగించి గాలి ఎక్కించి, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూసేవాళ్ళు. బుడగ వస్తే మళ్ళీ బయటికి, మళ్ళీ మంట. యాసిడ్ వాసన, టంకం పొగ, చెవుల్లో పక్క షెడ్డు రేకుల మోత. ఇప్పుడొచ్చేవి అల్యూమినియం గొట్టాలు, ప్లాస్టిక్ ట్యాంకులు, మధ్యలో రబ్బరు పెట్టి అంచులు మడిచినవి. విప్పి గీకే పని లేదు, పోతే మార్చడమే. తేలిక, వేడి బాగానే వదులుతాయి, కాదనను. కానీ ఆ తొట్టి దగ్గర నిలబడితే తెలిసిన విషయం కొత్త డబ్బా విప్పితే తెలియదు: ఏం నీళ్ళు పోస్తే లోపల ఏం పేరుకుంటుందో.

ఇంతా రాసి చూస్తే, గాలి గాలి అని మరీ గట్టిగా తేల్చేశానేమో. ఫ్యాన్ కన్నా ముందు నీళ్ళ మట్టమే చూడాలనిపిస్తోంది ఇప్పుడు. కూలెంట్ తగ్గి సెన్సర్ చుట్టూ గాలో ఆవిరో చేరితే, అది అసలు వేడి చెప్పదు. ఇంజన్ ఉడుకుతున్నా ఫ్యాన్‌కి కబురందదు. అప్పుడు బంగారం లాంటి మోటార్ని తప్పు పడతాం. పక్కనుండే కూలెంట్ డబ్బాలో ఉంది కదా అని నమ్మొద్దు, రేడియేటర్‌కి వేరే మూత ఉంటే అది తీసి చూడాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే, చేత్తో పై హోస్ నొక్కితే మెత్తగా ఉన్నాకే. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది.

ఆ మెకానిక్‌ని కూడా కాస్త ఎక్కువే తిట్టుకున్నానేమో. ఫ్యాన్ బెల్టుతో తిరిగే పాత ఇంజన్లలో ఆగినప్పుడు ఫ్యానూ నిదానమే, రోహిణి కార్తెలో ఏదో ఒకటి చేయాలి. థర్మోస్టాట్ తీసేయడం ఆ కాలం అలవాటు, గురువు నుంచి శిష్యుడికి వచ్చింది. పైగా బండిగలాయన పక్కనే నిలబడి "ఎంతసేపు?" అంటుంటే ఎవరు మాత్రం సందులో టార్చి వేస్తారు.

కానీ బోరు నీళ్ళు పోసిన సంగతి మాత్రం క్షమించను. అదీ చెప్పారు బావగారు, తీరిగ్గా, చివర్లో. "కూలెంట్ ఎందుకు సార్, మనకి మంచు పడుద్దా" అన్నాడట. మంచు సంగతి ఎవడికి కావాలి! సగం నీళ్ళు, సగం గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే అసలు సరుకు) కలిపితే మూత లేకుండానే సుమారు 107 డిగ్రీల దాకా మరగదు. మూత పట్టే ఒత్తిడిలో ఒక్కో పీఎస్ఐకి (ఒత్తిడి కొలత) మరుగు స్థానం దాదాపు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. మూత మీద 0.9 (బార్) అని ఉంటే సుమారు 13 పీఎస్ఐ, అంటే ఇంకో ఇరవై డిగ్రీల భరోసా. మూత రబ్బరు ఎండి ఒత్తిడి నిలవకపోతే ఆ భరోసా పోయినట్టే, అది మార్చడం అన్నిటికన్నా చవక. ఇక తుప్పు పట్టకుండా ఆపేదీ ఆ కూలెంటే. అలాగని నీళ్ళు లేకుండా కూలెంటే నింపినా తప్పే, వేడి మోసే శక్తి నీళ్ళకే ఎక్కువ. చిక్కటి కూలెంటయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి.

ఇవేవీ కాకపోతే, చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలొస్తుంటే, స్టార్ట్ చేసిన కాసేపటికే హోస్ రాయిలా బిగుస్తుంటే, ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయిందేమో. అది వేరే కథ, దానికి ఇంజన్ విప్పాల్సిందే. బావగారి బండికి ఆ లక్షణాలేం లేవు.

మెసేజ్ పెట్టాను. బోరు నీళ్ళు వదిలించి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడిగించాక కూలెంట్. థర్మోస్టాట్ కొత్తది, రబ్బరు రింగు కూడా కొత్తదే. గాలి పోవడానికి దాని అంచున చిన్న పిన్ను ఉంటుంది, అది పైకి వచ్చేలా పెట్టించండి. హీటర్ ఫుల్లు వేడిలో పెట్టి గాలి పోయేదాకా నింపించండి. చివరికి ఏసీ ఆపి, బండి కదలకుండా, ఫ్యాన్ తనంతట తను తిరిగి ఆగడం మీ కళ్ళతో చూశాకే డబ్బులివ్వండి. "సరేలే, పొద్దున మాట్లాడదాం" అన్నారు.