ఇన్‌స్టాలేషన్ పేజీ తిరగరాత: ఆరో వారం

ఫొటోలను తేదీల వారీగా సర్దే ఒక చిన్న ఓపెన్ సోర్స్ పైథాన్ ప్రోగ్రామ్‌కు స్వచ్ఛందంగా డాక్యుమెంటేషన్ రాయడం మొదలుపెట్టి ఆరు వారాలైంది. ఇంతవరకు పూర్తయినది ఇన్‌స్టాలేషన్ పేజీలోని లినక్స్ భాగం ఒక్కటే. కొత్తగా వచ్చినవారు విసిగి వెనుదిరిగేది ఆ పేజీ దగ్గరే కనుక, దానికి ఇంత సమయం పట్టినందుకు నాకు చింత లేదు.

మొదటి రెండు వారాలూ పాత పేజీలోని వాక్యాలను దిద్దుతూ కూర్చున్నాను. ముందు చేయవలసిన పని అది కాదని మూడో వారంలో తెలిసింది. వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో) డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించి, పేజీలో ఉన్న కమాండ్లను ఉన్నవి ఉన్నట్టుగా ఇస్తూ పోతే రెండోదాని దగ్గరే ఆగిపోయింది. పేజీ నేరుగా పిప్ అనే పైథాన్ ప్యాకేజీల సాధనంతో ఇన్‌స్టాల్ చేయమంటోంది; 2023లో విడుదలైన డెబియన్ 12 మాత్రం, తన సొంత ప్యాకేజీ సాధనమైన ఆప్ట్ ద్వారా వచ్చిన పైథాన్ ప్యాకేజీలు దెబ్బతినకుండా అలాంటి ఇన్‌స్టాలేషన్‌ను అడ్డుకుంటుంది. ఆ అడ్డును తొలగించే ఆప్షన్ ఏమిటో ఎర్రర్ మెసేజ్‌లోనే కనిపిస్తుంది, కానీ చదివేవారి సిస్టమ్‌ను ప్రమాదంలో పెట్టే సలహాను నేను రాయదలచుకోలేదు. ప్యాకేజీలను సిస్టమ్‌కు అంటకుండా విడి ఫోల్డర్‌లో ఉంచే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పద్ధతినే రాశాను.

అక్కడ మరో లోపం బయటపడింది. అలాంటి ఎన్విరాన్‌మెంట్‌ను తయారుచేసే వెన్వ్ మాడ్యూల్ పైథాన్ 3.3 నుంచి భాషతోపాటే వస్తున్నప్పటికీ, డెబియన్‌లో పైథాన్3-వెన్వ్ అనే ప్యాకేజీని విడిగా తెచ్చుకోవాలి. నా కంప్యూటర్‌లో అది ఎప్పటినుంచో ఉండటం వల్ల, జ్ఞాపకం మీద రాసిన నా చిత్తుప్రతిలో ఆ మెట్టే లేదు. అప్పటినుంచి ప్రతి సవరణ తరువాత వర్చువల్ మెషీన్‌ను స్నాప్‌షాట్‌తో మొదటి స్థితికి తెచ్చి, పేజీలోని కమాండ్లనే కాపీ చేసి నడిపిస్తున్నాను. ఒక్కసారికి ఇరవై నిమిషాలు పడుతుంది.

పేజీలు స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ సాధనంతో తయారవుతాయి. అందులోని లింక్‌చెక్‌ను నడిపితే చచ్చిపోయిన లింకులు నాలుగు దొరికాయి. వాటి సవరణను వేరే పుల్ రిక్వెస్ట్‌గా (మార్పులను చేర్చుకోమనే అభ్యర్థనగా) పంపితే అదే రోజు ప్రాజెక్టులో మెర్జ్ అయింది. అసలు పేజీని చూసిన మెయింటెయినర్ (ప్రాజెక్టు బాధ్యతలు చూసేవారు), కారణాల వివరణ మెట్లకు అడ్డం పడుతోందని, దాన్ని మరో పేజీకి మార్చమని కోరారు. చాలావరకు ఒప్పుకున్నాను. పిప్ ఎందుకు నిరాకరిస్తుందో చెప్పే ఒక్క వాక్యాన్ని మాత్రం, ఎర్రర్ చూసి కంగారుపడినవారికి ఆ క్షణంలోనే అది అవసరమని వాదించి, అక్కడే ఉంచాను.

వచ్చే వారం విండోస్ భాగం. విండోస్‌లో కమాండ్లు ఇచ్చే పవర్‌షెల్‌లో, స్క్రిప్టులను నడవనివ్వాలో వద్దో నిర్ణయించే ఎగ్జిక్యూషన్ పాలసీ కారణంగా, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను వాడుకలోకి తెచ్చే యాక్టివేట్ స్క్రిప్ట్ ఆగిపోయే సందర్భాన్ని ముందుగా పరీక్షించాలి.