వెనక సీటు నుంచి ముందుకి

ఇన్నేళ్లూ బండి వెనక కూర్చుని "కొంచెం మెల్లగా పోనీ" అనడమే నా పని కాబట్టి, నడపడమంటే హ్యాండిల్ పట్టుకుని యాక్సిలరేటర్ తిప్పడమే అనుకున్నాను. క్లచ్ టక్కున వదిలేస్తే బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోతుందని మొదటి రోజే తెలిసింది. 11 సార్లు ఆగింది, లెక్కపెట్టాను. తర్వాత యాక్సిలరేటర్ జోలికే పోకుండా క్లచ్ ఒక్కటే వదులుతూ, ఇంజిన్ చప్పుడు కాస్త బరువెక్కి బండి ముందుకి లాగబోయే ఆ చోట వేళ్లు ఆపడం ప్రాక్టీస్ చేశాను, ఎడమ చెయ్యి నొప్పి పుట్టేదాకా. అదొక్కటి వచ్చాక సగం టెన్షన్ పోయింది.

బ్రేక్ సంగతి ఇంకో వింత. ముందు బ్రేక్ పడితే పల్టీ కొడతామని భయపడి ఎప్పుడూ వెనకదే తొక్కేదాన్ని. తీరా చూస్తే, బ్రేక్ వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందుదే, కాకపోతే ఒక్కసారిగా గుంజకుండా మెల్లగా బిగించాలి, అదీ హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు.

మలుపుల్లో ఇంకా తడబడుతున్నాను. గుంటని చూస్తే బండి గుంటలోకే పోతోంది, దారిని చూస్తే దారిలో పోతోంది (కళ్లకీ హ్యాండిల్‌కీ ఏం చుట్టరికమో మరి).

నిన్న తమ్ముణ్ణి వెనక ఎక్కించుకున్నా. రెండు నిమిషాలు కూడా కాలేదు, భుజం మీద తట్టి "కొంచెం మెల్లగా పోనివ్వక్కా" అన్నాడు!