అర శ్రుతి దిగిన ఆదివారం

ఉదయం రైతుబజారుకు వెళ్లి రావడం, నాన్నగారి బీపీ మాత్రలు అయిపోయాయని మళ్లీ మందుల షాపుకు పరుగెత్తడం, ఇలా అన్ని ఆదివారాల్లాగే ఈ ఆదివారమూ సగం గడిచింది. భోజనాలయ్యాక, మా మేనల్లుడు అమెరికా నుంచి తెచ్చుకున్న ప్లేస్టేషన్‌ను టీవీకి తగిలించి, నెల రోజులుగా అలమరలో పడి ఉన్న సత్యజిత్ రాయ్ బెంగాలీ సినిమా ‘పథేర్ పాంచాలి’ బ్లూరే డిస్కును ఎట్టకేలకు చూడగలిగాం. అది అలా పడి ఉండటానికి నా తొందరపాటే కారణం. బ్లూరే లెక్కలో ప్రపంచమంతా ఏ, బీ, సీ అని మూడు మండలాలు. అమెరికా ఏలో ఉంటే మనం సీలో ఉన్నాం. ఒక మండలానికే కట్టేసిన డిస్కు ఇంకో మండలం ప్లేయర్‌లో ఆడదు. అట్ట వెనక ఉన్న ఆ చిన్న అక్షరాన్ని చూసుకోకుండా తెలిసినవారి సూట్‌కేసులో తెప్పించుకున్నాను. తీరా ఇంటి ప్లేయర్‌లో పెడితే, అది డిస్కును కాసేపు గిరగిర తిప్పి, తనకు అక్కర్లేదన్నట్టు బయటికి నెట్టేసింది.

ఈ సినిమాను కొనడం నాకిది మూడోసారి. మొదట కొన్నది రెండు డిస్కుల వీసీడీ. అందులో రెల్లుపూల మధ్య అక్కాతమ్ముళ్లు పరుగెత్తే చోట పూలేవో ఆకాశమేదో తెలియక తెరంతా చిన్న చిన్న గళ్లుగా విడిపోయేది. తరవాత డీవీడీ కొన్నాను. “ఒక్క సినిమాని ఎన్నిసార్లు కొంటారండీ” అని మా ఆవిడ అడిగినప్పుడు, ఈసారి కొన్నది కేవలం కొత్త డబ్బా కాదని చెప్పడానికి లండన్ అగ్నిప్రమాదం కథంతా చెప్పవలసి వచ్చింది.

సత్యజిత్ రాయ్ మరణించిన మరుసటి ఏడు, 1993 జులైలో, లండన్‌లోని హెండర్సన్స్ ఫిల్మ్ ల్యాబొరేటరీలో మంటలు రేగి, అక్కడున్న అపూ చిత్రత్రయం (‘పథేర్ పాంచాలి’, ‘అపరాజితో’, ‘అపూర్ సంసార్’) ఒరిజినల్ నెగటివ్‌లు కాలిపోయాయి. కొన్ని రీళ్లు బూడిదయ్యాయి; మిగిలినవి అంచులు కరిగి, పెళుసుబారి, ఏ యంత్రంలోనూ పెట్టడానికి పనికిరాకుండా పోయాయి. అయినా వాటిని పారేయకుండా అమెరికాలోని అకాడెమీ ఫిల్మ్ ఆర్కైవ్‌లో దాచారు. ఇరవై ఏళ్ల తరవాత మేటి సినిమాలను డిస్కులుగా తెచ్చే క్రైటీరియన్ సంస్థ పూనుకోవడంతో అవి ఇటలీలోని బొలోనా నగరానికి, లిమ్మాజినె రిత్రొవాతా అనే ల్యాబుకు చేరాయి. అక్కడివాళ్లు ఎండిపోయిన ఫిల్ముకు మళ్లీ తేమ పట్టించి, కరిగిపోయిన అంచుల చిల్లులను చేత్తో తిరిగి తయారుచేసి, 4కే అనే అతి స్పష్టమైన పద్ధతిలో స్కాన్ చేశారు. ‘పథేర్ పాంచాలి’లో 40 శాతం, ‘అపరాజితో’లో 60 శాతానికి పైగా ఆ కాలిన నెగటివ్ నుంచే దక్కాయి. ‘అపూర్ సంసార్’ రీళ్లు రెండే మిగిలినా అవీ పనికిరాకపోవడంతో, ఆ సినిమా మొత్తాన్ని ఇతర కాపీల నుంచి తీసుకున్నారు. ఆ పనంతా 2015లో ఈ బ్లూరేగా వచ్చింది.

ఈ కథ విన్న నాన్నగారు సినిమా చూడటం మానేసి, ఏ దృశ్యం మంటల్లోంచి వచ్చింది, ఏది కాపీలోంచి వచ్చింది అని పందెం వేయడం మొదలుపెట్టారు. ముసలమ్మ ఇందిర్ చిరుగుల బట్ట దారాలు లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడితే “ఇది అసలుదేరా” అనీ, బొమ్మ కాస్త మెత్తబడితే “ఇది కాపీ” అనీ తీర్పులిచ్చారు. సరిచూసుకునే దారి లేదు గనుక ఆయనే గెలిచారు. మొదట్లో మాత్రం “బొమ్మ మీద ఈ ఇసకేమిట్రా” అని విసుక్కున్నారు. అది ఇసక కాదనీ, ఫిల్ములోని వెండి రేణువులనీ, వాటిని తుడిచేస్తే కెమెరామన్ సుబ్రత మిత్ర పట్టిన వెలుగు కూడా తుడిచిపెట్టుకుపోతుందనీ చెప్పాక ఊరుకున్నారు. మన ‘మాయాబజార్’కు రంగులద్ది 2010లో విడుదల చేసినప్పుడు నేనూ హాలుకు వెళ్లి సంతోషంగానే చూశాను, కానీ దాని కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే వెన్నెలను ఆయన తీసిన నలుపు తెలుపుల్లోనే, ఇలా రేణువు రేణువుగా, చేతిలో పట్టుకునే ఒక డిస్కులో చూసుకోవాలన్న ఆశ నాకింకా చావలేదు.

అసలు సంగతి మిఠాయిలమ్మే అతను వచ్చినప్పుడు జరిగింది. కావడి భుజాన వేసుకుని అతను ముందు నడుస్తుంటే, వెనక అక్క దుర్గ, ఆమె వెనక తమ్ముడు అపూ, వాళ్ల వెనక కుక్క, ఆ వరసంతా చెరువు నీళ్లలో తలకిందులుగా సాగిపోతుంది. దాని మీద సితార్ గంతులేస్తుంది. నాన్నగారు చటుక్కున తలెత్తి, “శ్రుతి దిగిందేమిట్రా?” అన్నారు. ఆయన నలభై ఏళ్లు వయొలిన్ వాయించినవారు గనుక కొట్టిపారేయలేక, పాత డీవీడీని ఇంటి ప్లేయర్‌లో వేసి అదే చోటు వినిపించాను. ఆయన శ్రుతిపెట్టె తెచ్చుకుని రెంటినీ పట్టి చూసి, డీవీడీలో అర శ్రుతికి కాస్త తక్కువగా ఎక్కి ఉందని తేల్చారు.

కారణం నాకు అప్పుడు తట్టింది. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములతో. నా డీవీడీ మన దేశపు టీవీలకు వాడే పాల్ (PAL) పద్ధతిది గనుక 25తో నడుస్తుంది. ఆ ఒక్క ఫ్రేము తేడాకు 125 నిమిషాల సినిమా 120 నిమిషాల్లో అయిపోతుంది, దానితోపాటు ప్రతి స్వరమూ ఆ మేరకు పైకి జరుగుతుంది. బ్లూరే 24 ఫ్రేములనూ ఉన్నవున్నట్టు మోస్తుంది. అంటే ఇన్నేళ్లుగా నేను మురిసిపోయిన ఆ సితార్ వాయించినవాడు వాయించిన శ్రుతిలో లేదన్నమాట; అపూ, దుర్గ కూడా నడవవలసిన దానికన్నా కాస్త గబగబా నడుస్తూ ఉండేవారన్నమాట. బొమ్మ మెరుగుపడిందని డబ్బు పెట్టాను, చెవికి దక్కుతుందని అనుకోలేదు.

రాత్రి డిస్కులన్నీ సర్దుతుంటే, పాత డీవీడీ డబ్బా మీద నాన్నగారి వణికే చేతిరాతతో, పెన్సిలుతో, ‘శ్రుతి ఎక్కువ’ అని రాసి ఉంది.