మెడికల్ షాపు క్రీమూ, మచ్చలు పడ్డ దిండు గలేబూ

పదో తరగతిలో నా స్నేహితురాళ్లందరికీ మొటిమలొచ్చాయి, నాకు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లప్పుడు, ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక మొదలయ్యాయి. అవీ దవడ వెంట, గడ్డం కింద. తెల్లగా పండి పోయే రకం కాదు. లోపల గోళీకాయల్లా గట్టిగా ఉండి, పక్కకి తిరిగి పడుకుంటే సలిపేవి. "పెళ్లయితే అవే పోతాయిలే" అంది మా పిన్ని. ఆవిడ దగ్గర ఏ జబ్బుకైనా అదే మందు.

హాస్టల్ కింద మెడికల్ షాపతను ఒక ట్యూబు ఇచ్చాడు. "వారం రాయండి మేడం, తేడా మీకే తెలుస్తుంది." తెలిసింది. మొటిమలు అణిగాయి, రంగు కూడా తేలింది. మురిసిపోయి నాలుగు నెలలు రాశాను. ఒక్క రోజు మానితే ముఖం ఎర్రబడి మంట. మళ్లీ రాస్తే చల్లారేది. ఒకరోజు అద్దం దగ్గరగా పెట్టుకు చూస్తే బుగ్గల మీద దారప్పోగుల్లాంటి ఎర్ర గీతలు.

డాక్టరుగారు ట్యూబు తిప్పి చిన్నక్షరాల్లో మొమెటసోన్ అన్న మాట చూపించారు. "స్టెరాయిడ్ అమ్మా. నువ్వు తెల్లబడలేదు, నీ చర్మం పలచబడింది." ఆ క్రీము ఆపాక గడిచిన నెలన్నర గురించి చెప్పకపోవడమే మేలు. మాస్కు లేకుండా ఆఫీసుకెళ్లలేదు.

మంట తగ్గాక అసలు వైద్యం. రాత్రి అడాపలిన్ జెల్, బఠాణీ గింజంత, ముఖమంతటికీ. నేనేమో మొటిమ మీద మాత్రమే చుక్క పెట్టుకునేదాన్ని! కొత్తవి రాకుండా ఆపడం దాని పనట. ఫలితానికి మూడు నెలలు పడుతుందని, ముందు కొంచెం ఎక్కువవచ్చని కూడా చెప్పారు. పొద్దున మొటిమల క్రిముల్ని చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ పూత, పైన సన్‌స్క్రీన్. కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు. ఒకరాత్రి గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకున్నాను. రెండు రోజులు ఇడ్లీ ముక్క దిగినా గుండెల్లో నిప్పు పెట్టినట్టుండేది.

గడ్డం కిందవి తగ్గాయి గానీ దవడ గడ్డలు కదల్లేదు. హార్మోన్ పరీక్షల్లో పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) లేదని తేలింది. అప్పుడు డాక్సీసైక్లిన్ ఆపించి, మొండి మొటిమలకిచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్ర, 20 మిల్లీగ్రాములది, మొదలుపెట్టారు. దానికి ముందు లివర్, కొవ్వు పరీక్షలు, గర్భం లేదన్న పరీక్ష, ఒక సంతకం. వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకి అవకరాలు రావచ్చు. అమ్మ ఫోన్‌లో ఏడుపు: "రేపు నీకు పిల్లలు పుట్టరేమోనే!" మందు ఆపిన నెల తర్వాత భయం లేదని డాక్టరుగారే అమ్మతో మాట్లాడారు.

ఏడు నెలలు వాడాను. మొటిమల కంటే ఆ మందుకి ఎండిపోయిన పెదాలు ఏడిపించాయి. గుంటూరు పిల్లని, పగిలిన పెదాలతో ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. పెరుగన్నంలో కూడా మాగాయ టెంక వదిలేశాను.

నల్లమచ్చలు ఏడాదిలో చాలావరకు పోయాయి. ఎడమ దవడ మీద రెండు గుంటలు మాత్రం క్రీములకి పూడవట. లేజర్ చేయిస్తారా అన్నారు, ఇప్పటికి వద్దన్నాను. నెలసరి ముందు ఒకటో రెండో ఇంకా పలకరిస్తాయి. వారానికి మూడు రాత్రులు జెల్ రాస్తున్నాను. బెంజాయిల్ పెరాక్సైడ్‌కి రంగు పోయి తెల్ల మచ్చలు పడ్డ ఆకుపచ్చ దిండు గలేబు పారెయ్యమని అమ్మ వచ్చినప్పుడల్లా గోల. ఎలాగూ పాడైందని దాన్నే వేసుకుంటున్నాను, కొత్తవి బీరువాలో ఉన్నాయి.