మా ఊసరవెల్లి పురుడు: నా అనుభవం

మగదాని తోడు లేకపోయినా ఆడ ఊసరవెల్లి గుడ్లు పెడుతుందని చెబితే మా నెల్లూరులో నమ్మినవారు తక్కువ. పుంజు మొహం చూడని ఫారం కోడి గుడ్డు పెట్టడం లేదా అని ఎదురు అడిగితే మాత్రం కాసేపు ఆలోచించి ఊరుకునేవారు. మా ఇంట్లో ఉన్నది యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాలకు చెందిన వెయిల్డ్ కమీలియన్ జాతిది. ఈ జాతిలో మగపిల్లలకు పుట్టినప్పటి నుంచే వెనక పాదాల మడమ దగ్గర చిన్న ముల్లు వంటి బుడిపె ఉంటుంది. మా రంగికి అది లేదు కనుక, గుడ్ల సంగతి ఏదో ఒకనాడు చూడవలసి వస్తుందని తెచ్చుకున్ననాడే తెలుసు. మన సరుగుడు తోటల్లోను, కంచెల మీదను కనిపించే దేశవాళీ ఊసరవెల్లిని పట్టుకోవడం గాని పెంచడం గాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇలాంటి విదేశీ జాతిని పెంచేవారు సైతం 2024లో వచ్చిన నిబంధనల మేరకు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. ఆ పని ముందే పూర్తి చేసుకున్నాను.

ఎండలు ముదిరిన మే నెలలో రంగి నడవడి మారింది. ఎప్పుడూ మందార కొమ్మ పైభాగాన కదలకుండా కూర్చునే జీవి, గూటి అడుగుకు దిగి నాలుగు మూలలూ తడుముతూ తిరగసాగింది. కీచురాయిని కళ్ల ముందు పెట్టినా నాలుక చాచలేదు. ఆకుపచ్చ ఒంటి మీద నీలి చుక్కలు, పసుపు మచ్చలు తేలాయి. పొట్ట రెండు వైపులా ఉబ్బి, చర్మం కింద గుడ్లు గింజల్లా ఎత్తుగా తెలుస్తున్నాయి. ఆకలి తగ్గడం, నేలకు దిగి వెదకడం ఒకేసారి కనిపిస్తే గుడ్లు పెట్టడానికి చోటు వెదుకుతున్నదని అర్థం చేసుకోవాలి. ఆ చోటు దొరకకపోతే గుడ్లను లోపలే ఆపుకుంటుంది, అవి బయటికి రాక ప్రాణం మీదికి వస్తుంది. పెంపుడు ఆడ ఊసరవెల్లులు చనిపోవడానికి ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

కావలసింది తడి ఇసుక, దానికి తగిన లోతు. వెలుతురు చొరని ముదురు రంగు ప్లాస్టిక్ టబ్బు ఒకటి తీసుకుని, అడుగున నీరు దిగడానికి సన్నని రంధ్రాలు పొడిచాను. అడుగు లోతుకు తగ్గకుండా ఇసుక నింపాలి; లోతు చాలకపోతే తవ్వుతూ పోయి అడుగు తగలగానే విసిగి వదిలేస్తుంది. ఏ ఇసుక అన్నది దగ్గరే నేను ఎక్కువ సమయం వెచ్చించాను. మైపాడు వెళ్లి సముద్రపు ఇసుక తెచ్చుకోమని సలహా ఇచ్చినవారు ఉన్నారు గాని, అందులోని ఉప్పు దానికి మంచిది కాదు. మా వీధిలో కట్టుబడికి తోలించిన పెన్నా ఇసుక శుభ్రమైనదే అయినా మరీ గరుకుగా ఉండి, తవ్విన సొరంగం నిలవకుండా జారిపోతుంది. అందుచేత దాన్ని సన్న జల్లెడ పట్టి, కడిగి, ఎరువు గాని పురుగుమందు గాని తగలని పెరటి ఎర్రమట్టిని మూడో వంతు కలిపాను. పిడికిట బిగించి వదిలితే ముద్ద విచ్చిపోకూడదు, వేళ్ల సందుల నుంచి నీరు కారకూడదు. టబ్బు నింపిన తరువాత వేలితో ఏటవాలుగా ఒక గుంత పొడిచి చూశాను. దాని కప్పు కూలకుండా నిలిచినప్పుడే టబ్బును గూటిలో పెట్టాను. అది ఎక్కి దిగడానికి అంచుకు ఒక కొమ్మ ఆనించాను.

నెల్లూరు ఎండల్లో ఇంకొక చిక్కు ఉంది. ఊసరవెల్లి వెచ్చదనానికి బల్బు పెట్టాలని పుస్తకాల్లో ఉంటుంది గాని, బయట నలభై డిగ్రీలు దాటిన రోజున గదే పొయ్యిలా ఉంటుంది. కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి, మధ్యాహ్నాలు ఏసీ నడిపి, వేడి బల్బును పగలు ఆర్పివేశాను. ఎముకల బలానికి కావలసిన యూవీబీ దీపాన్ని మాత్రం ఎప్పటిలాగే పన్నెండు గంటలు వెలిగించాను. గదిని చల్లబరిచే వీలు లేనివారు ఈ ఊళ్లో ఈ జాతి ఆడదాన్ని పెంచకపోవడమే మేలని నా అభిప్రాయం. ఇది గిన్నెలో పెట్టిన నీరు తాగదు, ఆకుల మీది బొట్లనే నాకుతుంది. కాబట్టి ఆసుపత్రిలో వాడే సెలైన్ గొట్టాన్ని సీసాకు బిగించి, మనీప్లాంట్ ఆకుల మీద చుక్క చుక్కగా పడేటట్టు అమర్చాను. ఒంట్లో నీరు తగ్గినా గుడ్లు లోపలే నిలిచిపోయే ప్రమాదం ఉంది.

కాల్షియం మాట ఇక్కడే చెప్పాలి. గుడ్డును బయటికి నెట్టే కండరాలు బిగుసుకోవడానికి కాల్షియం కావాలి. అందుకే అంతకు ముందు నెలల నుంచే కీచురాళ్లకు మునగాకు మేపి, ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి అద్ది పెడుతూ వచ్చాను. రొయ్యల సాగులో ఉన్న మా బావగారు, చెరువుల్లో చల్లే మినరల్ మిక్చర్ డబ్బా ఒకటి ప్రేమగా తెచ్చి ఇచ్చారు. రొయ్యకు మంచిదైనది దీనికి మంచిది కానక్కరలేదని ఆయనకు నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది.

వైద్యం విషయంలో ముందుచూపు తప్పనిసరి. మన వైపు పశువైద్యులకు ఒంగోలు గిత్త గురించి ఎంత తెలుసో ఊసరవెల్లి గురించి అంత తెలియకపోవడం వారి తప్పు కాదు. విదేశీ పెంపుడు జీవులను చూసే చెన్నై డాక్టరు ఒకరితో ముందే మాట్లాడి పెట్టుకున్నాను. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. ప్రాణం మీదికి వచ్చాక నంబరు వెదుక్కునే వ్యవధి ఉండదు. పగటిపూట కళ్లు మూసుకుని అడుగున పడి ఉండడం, కళ్లు లోతుకు పోవడం, గుడ్డు రాకుండా ముక్కుతూ ఉండడం, కొమ్మను పట్టుకునే పట్టు సడలడం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా బయలుదేరమని ఆయన చెప్పారు. ఎక్స్‌రే తీసి, నీరు, కాల్షియం ఎక్కించి, అప్పటికీ రాకపోతే శస్త్రచికిత్స చేయవలసి ఉంటుంది. ఇంట్లో పొట్ట నొక్కి గుడ్లు రప్పించే ప్రయత్నం ఎంతమాత్రం కూడదని కూడా గట్టిగా హెచ్చరించారు.

ఇక మిగిలింది దాని కంట పడకుండా ఉండడం, అన్నిటిలోకీ కష్టమైనది అదే. తవ్వుతూ ఉండగా మనిషి కనిపిస్తే గుంతను వదిలి పైకి ఎక్కేస్తుంది. గూటి కింది సగానికి పాత దుప్పటి చుట్టి, గది తలుపు వేసి, పాత ఫోనును వీడియో కాల్‌లో పెట్టి టబ్బు వైపు తిప్పాను. ఇంటికి వచ్చిన పక్కింటి పెద్దావిడ, హాల్లో నేను ఫోను పట్టుకుని కూర్చోవడం చూసి, "ఏంది అబ్బయా, ఊసరవెల్లికి పురుడు పోస్తా ఉండావా?" అని నవ్వారు. నవ్వినా, వెళ్లేటప్పుడు తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లారు.

ఊసరవెల్లి పాదం కొమ్మను పట్టడానికి పుట్టినది. ముందు పాదంలో వేళ్లు లోపలికి మూడు, వెలుపలికి రెండుగా అతుక్కుని పట్టకారులా ఉంటాయి. ఆ పాదాలతోనే ఇసుకను గీరి, వెనక పాదాలతో వెలుపలికి తన్నుతూ, నడుమ నడుమ ఆగి, ఒక కన్ను తలుపు వైపు, ఒక కన్ను గుంత వైపు తిప్పుతూ తవ్వింది. మొదట తవ్విన గుంతలను సగంలో వదిలింది. ఇది మామూలే గాని, గుంత మీద గుంత వదులుతూ పోతే మాత్రం ఇసుక తడి, లోతు మళ్లీ చూసుకోవాలి. చివరికి టబ్బు గోడ వెంబడి ఏటవాలుగా దిగిన సొరంగంలో తోక కొస తప్ప అంతా లోపలికి పోయింది. చీకటి పడినా బయటికి రాలేదు. అప్పుడు పైకి తీయాలని చేయి ఊరుకోదు, కాని తీయకూడదు. వేళకు దీపాలు ఆర్పి, దాన్ని అక్కడే వదిలివేశాను.

మర్నాడు లోపలే వెనుదిరిగి, తల బయటికి, తోక లోపలికి పెట్టుకుని ఉంది. సాయంత్రానికి ఒంటి నిండా ఇసుకతో బయటికి వచ్చి, వెనక కాళ్లతో ఇసుక లాగి, గుంత ఆనవాలు లేకుండా తొక్కి గట్టిపరిచింది. ఆ పని అది తనంతట ముగించి కొమ్మ ఎక్కేదాకా గది తలుపు తెరవలేదు. ఎక్కిన వెంటనే ఆకుల మీద నీటిని సన్నని తుంపరగా చాలాసేపు చల్లాను. కళ్లు మూసి తెరుస్తూ విడవకుండా తాగింది. నడుము లోపలికి పీక్కుపోయి, తుంటి ఎముకలు కనిపిస్తున్నాయి. ఆ తరువాత కొన్నాళ్లు కాల్షియం అద్దిన కీచురాళ్లు అడిగినన్ని పెట్టాను.

ఇసుకను చెంచాతో మెల్లగా తీసి చూస్తే గుడ్లన్నీ అడుగున ఒకే గుట్టగా ఉన్నాయి. తోలు వంటి పెంకుతో, తెల్లగా, కోలగా ముప్పై నాలుగు గుడ్లు. జత కట్టని ఆడదానివి గనుక పిల్లలు రావు. ఉంచితే పచ్చబడి బూజు పడతాయి. జత కట్టినదైతే అదే గుడ్లు పిల్లలు కావడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. ఆ ఫొటోలు, దాని బరువు డాక్టరుకు పంపితే, లోపల ఏమీ మిగలలేదనే అనుకోవచ్చని, అయినా వారం పాటు నడక, తిండి గమనించమని అన్నారు.

విడతకు గుడ్లు ఎన్ని అన్నది చాలావరకు తిండి, వేడిమిల మీద ఆధారపడుతుంది. ఎక్కువ తిని వేడిగా ఉన్నది డెబ్బై దాకా కూడా పెట్టి నీరసించిపోతుంది. అందుకని ఒళ్లు కోలుకున్నాక రోజు విడిచి రోజు మూడు నాలుగు కీచురాళ్లే ఇస్తున్నాను, బల్బు కింద వేడి ఇరవై ఏడు డిగ్రీలు దాటకుండా చూస్తున్నాను. మూడు నాలుగు నెలల్లో మరో విడత రావచ్చు కాబట్టి టబ్బును గూటిలోంచి తీయలేదు. అప్పుడప్పుడు ఇసుకను పిడికిట పట్టి చూసి, విచ్చిపోతే అంచుల వెంబడి కాసిన్ని నీళ్లు పోస్తున్నాను.